మూతపడిన పెట్రోల్ బంకు స్థలాలలో నేల, భూగర్భజలాల శుద్ధి: విధానాలు, చట్టాలు, బాధ్యతలు

(ప్రత్యేక వ్యాసం)

పట్టణాలలో ప్రధాన రహదారుల వెంట దశాబ్దాల తరబడి నడిచిన పెట్రోల్ బంకులు రోడ్ల విస్తరణ, లీజు గడువు ముగియడం, స్థలం విలువ పెరగడం వంటి కారణాల వల్ల మూతపడుతూ ఉంటాయి. పంపులు ఊడదీసి, పైకప్పు విప్పి, నేల చదును చేయడంతో పని పూర్తయినట్లే పైకి కనిపిస్తుంది. కొద్దికాలంలోనే అక్కడ దుకాణ సముదాయమో, అపార్టుమెంటో వెలుస్తుంది. అయితే ఏళ్ల తరబడి భూమిలో ఉన్న ట్యాంకులు, గొట్టాల నుండి కారిన పెట్రోల్, డీజిల్ ఆ నేలలోనే మిగిలి ఉంటే, దాని ప్రభావం కొత్త కట్టడంపైనా, చుట్టుపక్కల బావులపైనా చాలాకాలం కొనసాగుతుంది. దేశంలో పెట్రోల్ బంకుల సంఖ్య 2025లో లక్షకు చేరిన నేపథ్యంలో, మూతపడిన బంకు స్థలాల పరిశీలన, శుద్ధి అనే అంశం జిల్లా యంత్రాంగానికి, పురపాలక సంస్థలకు, ప్రసార మాధ్యమాలకు మరింత ముఖ్యమైనది. ఈ విషయమై అవసరమైన ప్రాథమిక సమాచారం ఈ క్రింద పొందుపరచడమైనది.

లీకు ఎలా మొదలవుతుంది?

బంకులో ఇంధనం భూగర్భ ట్యాంకులలో నిల్వ ఉంటుంది. పాతకాలపు బంకులలో ఇవి ఒకే పొర గల ఉక్కు ట్యాంకులు. తేమ, లవణాలు గల మట్టిలో ఉక్కు క్రమంగా తుప్పు పట్టి చిల్లు పడుతుంది. అయితే లీకు అనగానే ట్యాంకునే అనుమానించడం సరికాదు. ట్యాంకు నుండి పంపుకు వెళ్లే గొట్టాల అతుకులు, పంపు అడుగు భాగంలోని బిగింపులు, ట్యాంకరు నుండి ఇంధనం దింపే చోట ఒలికిపోవడం కూడా ప్రధాన కారణాలే. ఒక్కో ఒలుకు చిన్నదే అయినా, ఇరవై ముప్పై ఏళ్లలో అదే చోట పదే పదే పడిన ఇంధనం పెద్ద మొత్తమే అవుతుంది.

లీకు తొందరగా బయటపడకపోవడానికి కారణం లెక్కలలోనే ఉన్నది. సెకనుకు ఒక చుక్క చొప్పున పెట్రోల్ కారితే రోజుకు సుమారు 2 లీటర్లు, ఏడాదికి దాదాపు 800 లీటర్లు భూమిలోకి ఇంకుతుంది. మరోవైపు, ఉష్ణోగ్రత ఒక్క సెంటీగ్రేడ్ డిగ్రీ మారితే 10,000 లీటర్ల పెట్రోల్ ఘనపరిమాణం సుమారు 10 లీటర్ల మేర మారుతుంది. అందువల్ల రోజువారీ డిప్ కొలతలో 2 లీటర్ల తేడా వచ్చినా, అది ఎండ వేడిమికో, ఆవిరి నష్టానికో జమ అవుతుంది. ఒక్క రోజు లెక్క కాక, నెలల తరబడి తేడా ఒకే దిశలో సాగుతున్నదా అన్నది చూసినప్పుడే లీకు జాడ తెలుస్తుంది. మూతపడిన బంకు విషయంలో పాత నిల్వ రిజిస్టర్లకు ఉన్న విలువ ఇదే.

నేలలో, నీటిలో జరిగేది

భూమిలోకి ఇంకిన పెట్రోల్ మూడు రూపాలలో ఉంటుంది. మొదటిది, మట్టి రేణువుల నడుమ చిక్కుకొని ఉండే ద్రవం. రెండవది, మట్టి సందులలో వ్యాపించే ఆవిరి. మూడవది, నీటిలో కరిగిన భాగం. పెట్రోల్ నీటికన్నా తేలిక కనుక, ఎక్కువ మొత్తంలో కారినప్పుడు అది జలమట్టం వరకు దిగి, నీటిపై పొరగా నిలుస్తుంది. ఈ తేలే పొర ఉన్నంతకాలం దానిలోని రసాయనాలు క్రింది నీటిలో కొద్దికొద్దిగా కరుగుతూనే ఉంటాయి. కరిగిన భాగం భూగర్భజలం పారే దిశలో సాగిపోయి కాలుష్య ధారగా మారుతుంది.

పెట్రోల్ వందలాది రసాయనాల మిశ్రమం. నీటి విషయంలో ప్రధానంగా గమనించవలసినవి నాలుగు: బెంజీన్, టోలిన్, ఇథైల్ బెంజీన్, జైలీన్. వీటిలో అత్యంత ప్రమాదకరమైనది బెంజీన్. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని మానవులలో క్యాన్సర్ కలిగించేదిగా వర్గీకరించింది. దీర్ఘకాలం శరీరంలోకి చేరితే రక్త క్యాన్సర్‌కు దారితీయగలదు. త్రాగునీటిలో బెంజీన్ లీటరుకు 10 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం పేర్కొంటున్నది. అమెరికాలో ఈ పరిమితి 5 మైక్రోగ్రాములు.

ఈ అంకెల అర్థం ఒక ఉదాహరణతో స్పష్టమవుతుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం పెట్రోల్‌లో బెంజీన్ ఘనపరిమాణంలో 1 శాతానికి మించరాదు. అంటే ఒక లీటరు పెట్రోల్‌లో సుమారు 9 గ్రాముల వరకు బెంజీన్ ఉండవచ్చు. అది పూర్తిగా నీటిలో కరిగినదనుకుంటే, 8 లక్షల లీటర్లకు పైగా నీటిని 10 మైక్రోగ్రాముల పరిమితికి చేర్చగలదు. వాస్తవంలో కొంత ఆవిరై, మరికొంత సూక్ష్మజీవుల వల్ల విచ్ఛిన్నమవుతుంది కనుక ప్రభావం ఇంతకన్నా తక్కువగానే ఉంటుంది. అయినప్పటికీ చిన్న లీకును తేలికగా తీసుకోరాదని ఈ లెక్క సూచిస్తున్నది.

బంకు వయస్సు కూడా ముఖ్యమే. దేశవ్యాప్తంగా సీసం కలిపిన పెట్రోల్ అమ్మకం 2000 ఫిబ్రవరి 1 నుండి నిలిచిపోయింది. అంతకుముందు నడిచిన బంకు స్థలాలలో సీసం కోసం కూడా పరీక్ష జరపవలసి ఉంటుంది. ఇటీవలి కాలంలో మూతపడిన వాటిలో ఇథనాల్ అంశం చేరుతుంది. 2025 నాటికి దేశంలో పెట్రోల్‌లో ఇథనాల్ మిశ్రమం 20 శాతానికి చేరింది. నేలలోని సూక్ష్మజీవులు ముందుగా ఇథనాల్‌ను విచ్ఛిన్నం చేస్తాయి. ఆ క్రమంలో నీటిలోని ఆక్సిజన్ ఖర్చయిపోయి బెంజీన్ విచ్ఛిన్నం వెనుకబడుతుంది. ఫలితంగా బెంజీన్ మరికొంత దూరం ప్రయాణించే అవకాశం ఉన్నది.

తెలుగు నేలల ప్రత్యేకత

తెలంగాణలో అత్యధిక భాగం, రాయలసీమలో చాలా ప్రాంతం గట్టి రాతి నేలలు. పైన శిథిల శిల పొర, దాని క్రింద పగుళ్లు గల గ్రానైట్, నైస్ శిలలు ఉంటాయి. నీరు ఈ పగుళ్లలోనే నిలిచి, వాటి వెంటే పారుతుంది. కాబట్టి కాలుష్యం అన్ని వైపులకు సమానంగా వ్యాపించదు. బంకును ఆనుకొని ఉన్న బోరుబావి శుభ్రంగా ఉండి, నాలుగు ఇళ్ల అవతలి బోరులో పెట్రోల్ వాసన రావడం అసాధ్యమేమీ కాదు. ఒక్క బోరు పరీక్షతో స్థలం సురక్షితమని తేల్చడం ఇటువంటి నేలలలో ప్రమాదకరం.

కృష్ణా, గోదావరి డెల్టాలలో పరిస్థితి వేరు. అక్కడ ఒండ్రు మట్టి, ఇసుక పొరలు ఉండి జలమట్టం చాలాచోట్ల కొద్ది మీటర్ల లోతులోనే ఉంటుంది. ట్యాంకు అడుగు భాగం వానాకాలంలో నీటిలోనే మునిగి ఉండవచ్చు. కారిన ఇంధనం నీటిని చేరడానికి ఎంతో సమయం పట్టదు.

రెండు ప్రాంతాలకూ వర్తించే మరో అంశం జలమట్టం హెచ్చుతగ్గులు. వేసవిలో మట్టం దిగినప్పుడు తేలే పొర కూడా దిగి, దారిలోని మట్టికి అంటుకొంటుంది. వానలకు మట్టం పెరిగినప్పుడు ఆ మట్టి మునిగి, అంటిన పెట్రోల్ తిరిగి నీటిలో కలుస్తుంది. వేసవిలో శుభ్రమని తేలిన బావిలో కార్తీక మాసం నాటికి వాసన రావడానికి ఇదే కారణం. అందువల్ల వర్షాలకు ముందు మే నెలలో, వర్షాల తరువాత నవంబరులో రెండుసార్లు పరీక్షించనిదే ఒక నిర్ణయానికి రాకూడదు.

బోరుబావుల సంఖ్య ఎక్కువగా ఉన్న కాలనీలలో, గట్టిగా తోడే బోరు భూగర్భజలాన్ని తన వైపు లాగుతుంది. దానితోపాటు కాలుష్యమూ వస్తుంది. కేసింగ్ చుట్టూ సరిగా పూడ్చని పాత బోరు, పై పొరలోని కాలుష్యం లోతుకు దిగే దారి అవుతుంది. వాడకంలో లేని బోర్లను సిమెంటుతో మూసివేయడం భద్రతలో భాగమే.

అగ్ని ప్రమాదం, ఆవిరి ప్రమాదం

పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువైనది. అది మురుగు కాలువలు, కేబుల్ గుంటలు, సంపులు, భవనాల సెల్లార్లలో పేరుకుంటుంది. మెక్సికో దేశంలోని గ్వాదలహారా నగరంలో 1992 ఏప్రిల్ 22న ఇంధన గొట్టం నుండి మురుగు కాలువలలోకి చేరిన పెట్రోల్ ఆవిరి పేలి 200 మందికి పైగా మరణించారు. ఉక్కు ఇంధన గొట్టానికి సమీపంగా జింకు పూత గల నీటి గొట్టం వేయడం వల్ల తుప్పు ఏర్పడి రంధ్రం పడినట్లు దర్యాప్తులో తేలింది. పేలుడుకు ముందు కొన్ని రోజులుగా వాసన వస్తున్నదని నివాసులు ఫిర్యాదు చేసి ఉన్నారు.

అది బంకు కాక పైపులైను ప్రమాదమే అయినా, పాఠం ఒక్కటే. మురుగు కాలువలో గాని, సెల్లారులో గాని, బావిలో గాని పెట్రోల్ వాసన వస్తున్నదన్న ఫిర్యాదును ఆ రోజే పరిశీలించాలి. వాసన వచ్చే బావి వద్ద మోటారు స్విచ్ వేయరాదు. అగ్గిపుల్ల వెలిగించి చూడరాదు. బావిలోకి మనుషులను దింపరాదు. ఆ నీటిని కాచి వాడుకోవచ్చునన్న అభిప్రాయం కూడా సరికాదు. కాచినప్పుడు బెంజీన్ ఆవిరై వంటగదిలోనే చేరుతుంది.

ట్యాంకుల తొలగింపు

బంకు మూసివేతలో మొదటి ఘట్టం ట్యాంకులను, గొట్టాలను ఖాళీ చేయడం. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకన్నా ప్రమాదకరమని గుర్తించాలి. అడుగున మిగిలిన కొద్దిపాటి ఇంధనం, మడ్డి నుండి వచ్చే ఆవిరి గాలితో కలిసి పేలుడు మిశ్రమం అవుతుంది. అందువల్ల ఆవిరిని పూర్తిగా తొలగించి, వాయు పరీక్ష పరికరంతో నిర్ధారించిన తరువాతనే కోత, వెలికితీత చేపట్టాలి. శిక్షణ లేని కూలీలను ట్యాంకులోకి దింపడం ప్రాణాంతకం. పెట్రోల్ నిల్వకు లైసెన్సులు 1934 నాటి పెట్రోలియం చట్టం, 2002 నాటి పెట్రోలియం నియమావళి క్రింద జారీ అవుతాయి. నాగపూర్ ప్రధాన కార్యాలయంగా పనిచేసే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ వీటిని పర్యవేక్షిస్తున్నది.

ట్యాంకు వెలికితీసిన గుంటయే తొలి సాక్ష్యం. గుంట అడుగున, ప్రక్కల, గొట్టాలు వేసిన కందకం వెంట, పంపుల క్రింద, ఇంధనం దింపే చోట మట్టి నమూనాలు తీసుకోవలసి ఉంటుంది. గుంటను ఫొటో తీయకుండా, నమూనా తీయకుండా అదే రోజు పూడ్చివేస్తే, తరువాతి పరిశోధన ఖర్చు అనేక రెట్లు పెరుగుతుంది.

కాలుష్యం కొలత

నీరు ఏ దిశలో పారుతున్నదో తెలియడానికి కనీసం మూడు పరిశీలక బావులు, ఒకే వరుసలో కాక త్రికోణంగా, తవ్వాలి. జల్లెడ గొట్టం జలమట్టానికి పైన కొంత, క్రింద కొంత ఉండేలా అమర్చాలి. మొత్తం నీటిలోనే మునిగి ఉంటే తేలే పొర బావిలోకి రాదు, ఉన్న పెట్రోల్ లేనట్లు కనిపిస్తుంది. బావిలో కనిపించే పెట్రోల్ పొర మందం, చుట్టుపక్కల నేలలోని వాస్తవ మందంకన్నా తరచుగా ఎక్కువగా ఉంటుంది. ఆ కొలతనే విస్తీర్ణంతో హెచ్చవేసి మొత్తం లీకును లెక్కించడం తప్పు ఫలితానికి దారితీస్తుంది.

నమూనా సేకరణలోనే చాలా పరీక్షలు విఫలమవుతాయి. పెట్రోల్‌లోని రసాయనాలు త్వరగా ఆవిరయ్యేవి. సగం నింపిన ప్లాస్టిక్ సీసాలో, ఎండలో, జీపులో తెచ్చిన నీటిలో బెంజీన్ కనిపించకపోతే అది నీటి శుభ్రతకు నిదర్శనం కాదు. గాజు సీసాను గాలి బుడగ మిగలకుండా అంచు వరకు నింపి, గట్టిగా మూసి, మంచు పెట్టెలో సుమారు 4 డిగ్రీల చలిలో ఉంచి ప్రయోగశాలకు చేర్చాలి. సాధారణ త్రాగునీటి పరీక్షలో చూసే ఉప్పు, ఫ్లోరైడ్, కాఠిన్యం వంటి అంశాలలో బెంజీన్ ఉండదు. దానిని ప్రత్యేకంగా కోరవలసి ఉంటుంది. భారతీయ త్రాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500లో ఖనిజ తైలానికి లీటరుకు 0.5 మిల్లీగ్రాముల పరిమితి ఉన్నది. కానీ ఆ పరిమితిలోపు ఉన్నంత మాత్రాన బెంజీన్ సురక్షిత స్థాయిలో ఉన్నదని భావించరాదు. బెంజీన్ పరిమితి అంతకన్నా అనేక రెట్లు తక్కువ.

శుద్ధి పద్ధతులు

నేల స్వభావం, కాలుష్యం లోతు, సమీపంలోని బావులు, స్థలం భావి వినియోగం దృష్టిలో ఉంచుకొని ఈ క్రింది పద్ధతులలో ఒకటి లేదా కొన్నింటిని కలిపి అనుసరిస్తారు.

తేలే పొర తొలగింపు: ఇది మొదట జరగవలసిన పని. బావులలోని పెట్రోల్ పొరను ప్రత్యేక పంపులతో తోడివేస్తారు. మూలం మిగిలి ఉండగా క్రింది నీటిని ఎంత శుద్ధి చేసినా ఫలితం నిలవదు.

మట్టి తవ్వకం: కలుషితమైన మట్టి తక్కువ లోతులో, పరిమిత విస్తీర్ణంలో ఉన్నప్పుడు తవ్వి తీయడం వేగవంతమైన మార్గం. తీసిన మట్టిని వేరొకచోట పోయడం శుద్ధి కాదు, కాలుష్యాన్ని తరలించడమే అవుతుంది. అనుమతి పొందిన కేంద్రానికి పంపడం గాని, గాలి, తేమ, పోషకాలు అందించి సూక్ష్మజీవులతో శుద్ధి చేయడం గాని జరగాలి. చమురు మడ్డి శుద్ధికి టెరి సంస్థ మన దేశంలోనే ‘ఆయిల్‌జాపర్’ అనే సూక్ష్మజీవుల మిశ్రమాన్ని రూపొందించింది. చమురు క్షేత్రాల వద్ద అది వినియోగంలోకి వచ్చింది.

ఆవిరి పీల్చివేత: జలమట్టానికి పైనున్న మట్టిలో గొట్టాలు దింపి, గాలిని పీల్చి, ఆవిరులను ఉత్తేజిత బొగ్గు ద్వారా వడకడతారు. ఇసుక నేలలలో బాగా పనిచేస్తుంది. నల్లరేగడి వంటి బిగువు మట్టిలో గాలి కదలదు కనుక ఫలితం తక్కువ. డీజిల్ త్వరగా ఆవిరి కాదు కనుక దానికి ఈ పద్ధతి అంతగా అనువైనది కాదు.

నీటిలోకి గాలి పంపడం: జలమట్టం క్రిందికి గాలిని పంపితే, కరిగిన రసాయనాలు బుడగలతో పైకి వస్తాయి. సూక్ష్మజీవులకు ఆక్సిజన్ కూడా అందుతుంది. ఆవిరి పీల్చివేత తోడు లేకుండా దీనిని నడిపితే ఆవిరులు పక్కనున్న సెల్లార్లలోకి చేరే ప్రమాదం ఉన్నది.

తోడి శుద్ధి చేయడం: కలుషిత నీటిని తోడి, గాలి గోపురం లేదా ఉత్తేజిత బొగ్గు ద్వారా శుద్ధి చేస్తారు. ధార ముందుకు సాగకుండా ఆపడానికి ఇది ఉపయుక్తం. అయితే మట్టికి అంటిన భాగం నెమ్మదిగా విడుదలవుతూ ఉంటుంది కనుక ఏళ్ల తరబడి సాగుతుంది. పంపులు ఆపిన కొద్ది నెలలకు స్థాయి తిరిగి పెరగడం సాధారణం.

రసాయన ఆక్సీకరణం: హైడ్రోజన్ పెరాక్సైడ్, పర్‌సల్ఫేట్, ఓజోన్ వంటి వాటిని భూమిలోకి పంపి పెట్రోల్ రసాయనాలను విచ్ఛిన్నం చేస్తారు. వేడి, వాయువులు వెలువడతాయి కనుక ట్యాంకులు, కేబుళ్లు ఇంకా భూమిలో ఉన్నచోట జాగ్రత్త అవసరం.

పర్యవేక్షణతో కూడిన సహజ శుద్ధి: నేలలోని సూక్ష్మజీవులు బెంజీన్‌ను స్వయంగా విచ్ఛిన్నం చేయగలవు. అమెరికాలోని కాలిఫోర్నియాలో లీకైన ట్యాంకుల స్థలాలపై లారెన్స్ లివర్మోర్ ప్రయోగశాల 1995లో వెలువరించిన అధ్యయనంలో, బెంజీన్ ధారలు చాలావరకు కొద్ది దూరంలోనే నిలకడకు వస్తున్నట్లు తేలింది. కాని ఈ పద్ధతి అంటే ఏమీ చేయకుండా వదిలివేయడం కాదు. మూలాన్ని తొలగించి, సమీపంలో త్రాగునీటి బావులు లేవని నిర్ధారించి, ఏళ్ల తరబడి క్రమం తప్పక పరీక్షలు జరిపినప్పుడే దానిని అంగీకరించవచ్చు. ఇంటింటా బోరు ఉన్న మన కాలనీలలో ఈ షరతులు నెరవేరడం అరుదు.

శాంటా మోనికా అనుభవం

బంకుల లీకు ఒక నగరపు త్రాగునీటిని ఎంతవరకు దెబ్బతీయగలదో చెప్పడానికి కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నగరాన్ని తరచుగా ఉదహరిస్తారు. పెట్రోల్ బాగా మండడానికి కలిపే ఎం.టి.బి.ఇ. అనే రసాయనం 1995లో ఆ నగరపు చార్నాక్ బావులలో బయటపడింది. ఒక దశలో లీటరుకు 610 మైక్రోగ్రాముల వరకు నమోదైంది. 1996లో బావులను మూసివేయవలసి వచ్చింది. నగరపు త్రాగునీటిలో దాదాపు సగం ఈ విధంగా ఆగిపోయి, దూరప్రాంతాల నుండి నీటిని కొనుగోలు చేయవలసిన పరిస్థితి ఏర్పడింది.

ఎం.టి.బి.ఇ. నీటిలో బెంజీన్‌కన్నా అనేక రెట్లు ఎక్కువగా కరుగుతుంది, మట్టికి అంటుకోదు, సూక్ష్మజీవులకు సులభంగా లొంగదు. కొద్ది మోతాదుకే నీటికి చెడు రుచి, వాసన వస్తుంది. కారకులను గుర్తించడానికి పర్యావరణ సంస్థలు ఆ ప్రాంతంలోని అనేక బంకులను, ఇంధన పైపులైన్లను పరిశోధించాయి. చమురు కంపెనీలతో న్యాయపోరాటం సాగి, 2003లో ప్రధాన ఒప్పందం కుదిరింది. ఉత్తేజిత బొగ్గుతో పనిచేసే శుద్ధి సదుపాయం సిద్ధమై చార్నాక్ బావులు తిరిగి వినియోగంలోకి రావడానికి సుమారు 15 ఏళ్లు పట్టింది. 1999లో కాలిఫోర్నియా గవర్నరు ఈ రసాయనం వాడకాన్ని దశలవారీగా నిలిపివేయాలని ఆదేశించగా, 2003 చివరి నాటికి అక్కడ పూర్తిగా ఆగిపోయింది. మన దేశ పెట్రోల్ ప్రమాణాలు కూడా ఇటువంటి ఈథర్ల వాడకానికి అవకాశమిచ్చినవే కనుక, పాత బంకు స్థలాల పరీక్షలలో దీనిని చేర్చడం ఉచితం.

అమెరికా 1984లో భూగర్భ ట్యాంకులపై ప్రత్యేక చట్టం చేసింది. 1986లో ఇంధనంపై గ్యాలనుకు 0.1 సెంటు పన్నుతో శుద్ధి నిధిని ఏర్పరచింది. ఇప్పటివరకు 5.5 లక్షలకు పైగా లీకులు నిర్ధారణ కాగా, 5 లక్షలకు పైగా స్థలాల శుద్ధి పూర్తయింది. వెతికిన కొద్దీ స్థలాలు బయటపడినాయని, నిధి ముందుగానే సమకూర్చినందున పని సాగిందని ఈ అనుభవం తెలుపుతున్నది.

మన దేశంలో చట్టపరమైన ఏర్పాట్లు

నీటి కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం (1974), పర్యావరణ పరిరక్షణ చట్టం (1986) క్రింద కాలుష్య నియంత్రణ మండళ్లకు తనిఖీ, ఆదేశాల అధికారాలు ఉన్నాయి. కాలుష్య కారకులే శుద్ధి ఖర్చు భరించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు రాజస్థాన్‌లోని బిచ్ఛ్‌రి గ్రామ భూగర్భజలాల కేసులో 1996లో గట్టిగా నిలబెట్టింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం (2010) 20వ సెక్షను ఈ సూత్రాన్ని పాటించాలని నిర్దేశిస్తున్నది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో కొత్త పెట్రోల్ బంకుల ఏర్పాటుకు మార్గదర్శకాలు జారీ చేసింది. వీటి ప్రకారం పాఠశాలలు, 10 పడకలు అంతకు మించిన ఆసుపత్రులు, నివాస ప్రాంతాల నుండి 50 మీటర్ల దూరం పాటించాలి. స్థలాభావం ఉన్నచోట అదనపు భద్రతా చర్యలతో కూడా 30 మీటర్లకు తగ్గరాదు. లీకుల నివారణ, నేల, నీటి రక్షణ బాధ్యతలను కూడా ఇవి చమురు కంపెనీలపై ఉంచినాయి.

2025 జూలై 24న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ కలుషిత స్థలాల నిర్వహణ నియమావళిని ప్రకటించింది. రసాయన కాలుష్యానికి గురైన స్థలాల గుర్తింపు, శుద్ధికి ప్రత్యేక చట్టబద్ధ విధానం ఏర్పడడం దీనితోనే. అనుమానిత స్థలాలపై జిల్లా యంత్రాంగం ఆరు నెలలకొకసారి నివేదిక ఇవ్వాలి. రాష్ట్ర మండలి లేదా నిర్దేశిత నిపుణ సంస్థ 90 రోజులలో ప్రాథమిక అంచనా, తదుపరి మూడు నెలలలో సమగ్ర సర్వే జరపాలి. ప్రమాదకర రసాయనాలు పరిమితి మించినట్లు తేలితే స్థలం వివరాలు బహిరంగపరచి, ప్రవేశంపై ఆంక్షలు విధించాలి. బాధ్యులను రాష్ట్ర మండలి 90 రోజులలో గుర్తించాలి. బాధ్యులు దొరకని లేదా చెల్లించలేని పక్షంలో ఖర్చు ఏర్పాటు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలది. రేడియోధార్మిక వ్యర్థాలు, గనుల కాలుష్యం, సముద్రంలో చమురు కాలుష్యం, ఘన వ్యర్థాల డంపింగ్ స్థలాలు ఈ నియమావళి పరిధిలోకి రావు. నియమావళి వెలువడిన నాటికి దేశవ్యాప్తంగా 103 కలుషిత స్థలాలను గుర్తించగా, ఏడింటిలో మాత్రమే శుద్ధి పనులు మొదలయ్యాయి.

కలుషిత స్థలాల పునరుద్ధరణ తెలుగు రాష్ట్రాలకు కొత్త కాదు. ప్రపంచ బ్యాంకు సాయంతో 2010లో మొదలైన పారిశ్రామిక కాలుష్య నిర్వహణ సామర్థ్య పథకంలో హైదరాబాద్ కాటేదాన్‌లోని నూర్ మహమ్మద్ కుంట, కడపలోని పాత చెత్త డంపింగ్ స్థలం ప్రయోగాత్మకంగా ఎంపికైనవి. పెట్రోల్ బంకు స్థలం వీటితో పోలిస్తే చాలా చిన్నది. కాని ప్రతి పట్టణంలోనూ, ఇళ్ల నడుమనే ఉండడం వల్ల దాని ప్రాముఖ్యం తక్కువేమీ కాదు.

అధికారులు పాటించదగిన అంశాలు

మూతపడిన బంకు స్థలంలో భవన నిర్మాణ అనుమతి కోరినప్పుడు, ట్యాంకుల తొలగింపు ధ్రువపత్రంతో పాటు మట్టి, నీటి పరీక్షల నివేదికలను పరిశీలించడం పురపాలక అధికారులకు శ్రేయస్కరం. సెల్లారు ప్రతిపాదన ఉంటే ఆవిరి పరీక్ష మరింత అవసరం. తవ్వకంలో నల్లబడిన, వాసన గల మట్టి వెలువడితే పని నిలిపి కాలుష్య నియంత్రణ మండలికి తెలియజేయాలి.

బావి నీటిలో వాసన వస్తున్నదన్న ఫిర్యాదు అందినప్పుడు మొదటి కర్తవ్యం ఆ ఇళ్లకు వేరే త్రాగునీరు అందించడం. కారకులెవరన్న నిర్ధారణ జరిగేవరకు నీటి సరఫరాను ఆపి ఉంచడం సమంజసం కాదు. ప్రజలకు తక్షణ ప్రమాదం ఉన్నచోట భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను క్రింద కార్యనిర్వాహక మేజిస్ట్రేటు చర్య తీసుకోవచ్చు. లీజుదారు, స్థల యజమాని, చమురు కంపెనీ ఒకరిపై ఒకరు బాధ్యత నెట్టివేసే అవకాశం ఉన్నందున, మూసివేత సమయంలోనే లైసెన్సు ప్రతులు, లీజు పత్రాలు, నిల్వ రిజిస్టర్లు, ట్యాంకు పరీక్షల నివేదికలు జిల్లా స్థాయిలో భద్రపరచడం మేలు. పదేళ్ల తరువాత బాధ్యుని తేల్చవలసి వస్తే ఈ కాగితాలే ఆధారం.

పాత్రికేయులకు సూచనలు

నివేదికలలో ‘పరిమితి లోపు’ అని ఉన్నప్పుడు, ఏ రసాయనానికి, ఏ ప్రమాణం ప్రకారం, ఏ నెలలో తీసిన నమూనాకు అన్నది అడిగి తెలుసుకోవాలి. మిల్లీగ్రాములకు, మైక్రోగ్రాములకు వెయ్యి రెట్ల తేడా ఉన్నది. వార్తలో ఒక్క అక్షరం మారినా అనవసర భయమో, తప్పుడు ధైర్యమో కలుగుతుంది. ‘కనుగొనబడలేదు’ అన్న ఫలితం వద్ద ప్రయోగశాల ఎంత తక్కువ మోతాదు వరకు గుర్తించగలదో చూడాలి. ఆ హద్దు 50 మైక్రోగ్రాములైతే, 10 మైక్రోగ్రాముల పరిమితి గురించి ఆ నివేదిక ఏమీ చెప్పనట్లే. శుద్ధి ‘పూర్తయింది’ అన్నప్పుడు, పంపులు ఆపిన తరువాత కనీసం ఒక వర్షాకాలం గడిచిందా అన్నది కూడా విచారించదగినది.

పెట్రోల్ బంకు ఏర్పాటులో చూపే శ్రద్ధ దాని మూసివేతలోనూ చూపినప్పుడే పరిసర ప్రజల నీటికి రక్షణ లభిస్తుంది. ట్యాంకు తీసిన రోజున కొన్ని నమూనాలు సేకరించడానికి అయ్యే ఖర్చు స్వల్పం. ఆ పని జరగనందువల్ల ఒక వీధి బావులన్నీ పాడైతే, వాటిని తిరిగి వినియోగంలోకి తేవడానికి పట్టే కాలం ఏళ్లలో లెక్కించవలసి ఉంటుంది.